తడి చీరల వెనక గాలి

"నేనీ ఇంట్లో ఇంక ఒక్క పూట ఉండను వదినా! మళ్ళీ ఎక్కినాయి. నాలుగూ ఎక్కినాయి!"

రూతమ్మ మేడమెట్లు దిగలేదు, పరుగెత్తుకొచ్చింది. చీపురు చేతిలోనే ఉంది. పెళ్ళై రెండేళ్ళు కాలేదు, ఈ ఇంటి కోడలు ఇప్పటికి ఎన్ని మార్లు ఆ మెట్ల మీద నుంచి ఇట్లా దిగిందో లెక్కలేదు.

భారతి దిండు కింద చెయ్యి పెట్టి చూసుకుంది. ట్రంకుపెట్టె తాళంచెవి ఉంది. చల్లగా, పెట్టిన చోటే ఉంది.

నాయన ఊరికి పోగానే ఆ నాలుగు చీరలూ దండెం మీద నుంచి తీసింది తనే. నిన్న సాయంత్రం అందరూ చూస్తుండగా వాటిని మడిచి అమ్మ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది తనే. యర్రగొండపాలెంలో చెల్లెల్ని మట్టి చేసి, తొమ్మిది రోజులు అక్కడే ఉండి అప్పుడే ఇల్లు చేరిన నాయన, చేతి సంచి కింద పెట్టకుండా గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. రాత్రి అన్నం ముట్టలేదు.

ఆమె మేడ ఎక్కింది. అప్పుడే తెల్లవారుతోంది.

నాలుగు చీరలూ పడమటి వైపు దండెం మీద బారుగా ఉన్నాయి. నీళ్ళు కారుతున్నాయి. కాఫీపొడి రంగుది, ముదురాకుపచ్చది, అంచు చిరిగిన నీలంది, మధ్యలో అమ్మ ఆదివారం చర్చికి కట్టుకుపోయే తెల్లది. అమ్మ పోయి పన్నెండేళ్ళు. చీరలు మాత్రం ఇప్పుడే ఎవరో ఒళ్ళు తుడుచుకుని ఆరేసినట్టు ఉన్నాయి. భారతికి మెడ వెనక జల్లుమంది. చదువుకున్నదాన్ని గదా అని ఎంత అనుకున్నా జల్లుమంది.

చీరల వెనక, రేకు టోపీ పెట్టుకుని నాలుగు కాళ్ళ మీద నిలబడిన మిషన్ ఉంది. ఊళ్ళో గాలిని పీల్చి అందులోని దుమ్మును తెల్ల కాగితం మీద పట్టే, కాలుష్య నియంత్రణ ఆఫీసువాళ్ళ మిషన్. పిట్టగోడ మీద వీపు ఇటు పెట్టి నాయన కూర్చుని ఉన్నాడు.

"నాయనా, పెట్టె తాళం నా దగ్గర ఉండాది. ఎట్ల తీసినావు?"

జ్ఞానయ్య తిరగలేదు.

"మామ తియ్యలేదు వదినా," మెట్ల మీద నుంచే రూతమ్మ గుసగుసగా అంది. "నేను చూసినా. తాళం వేసింది వేసినట్టే ఉండాది. అత్తమ్మకు తాళంతో ఏం పని?"

భారతి కిందికి వచ్చి పెట్టె చూసింది. తాళం కదల్లేదు, నిజమే. పెట్టెను గోడ నుంచి ముందుకు లాగి వెనక చూసింది. బందులు ఊడదీసి ఉన్నాయి. ఎనిమిది మరలూ ఒక సాసరులో, పెద్దవి ఒక వరుస, చిన్నవి ఒక వరుస పేర్చి ఉన్నాయి. దయ్యాలకు అంత ఓపిక ఎక్కడిది? పంతొమ్మిదేళ్ళుగా మిషన్ విప్పి బిగిస్తున్న చేతుల పని అది.

"చూడు రూతమ్మా. నాయనే. భయపడే పని లేదు."

రూతమ్మ ఆ సాసరు వంక చాలాసేపు చూసింది.

"దయ్యమైతే పాస్టరయ్యను పిలిపిస్తాం," అంది. "మామను ఏం చేస్తాం వదినా?"

భారతి సాసరు తీసి పెట్టె మీద పెట్టింది.

ఏడు గంటలకు ఫోను మోగింది. ల్యాబులో భారతితో కలిసి పనిచేసే యశోద.

"నువ్వు పంపిన రెండు దినాల కాగితాలూ తూచినా. కూర్చున్నావా, నిలబడినావా?"

"చెప్పు."

"మీ నాయన మార్చిన కాగితాల్లో సగటున ఎంత దుమ్ము ఉంటదో, నువ్వు మార్చిన వాటిలో దానికి రెండింతల పైన ఉంది. మూడు మార్లు తూచినా. ఏం జరిగింది ఆ వారం మీ ఊళ్ళో?"

"ఏం జరగలేదు," అంది భారతి. "మా నాయన ఊళ్ళో లేడు. అంతే."

ఫోను పెట్టేశాక కూడా ఆమె చాలాసేపు వంటింటి గడప మీదే కూర్చుంది. రిపోర్టులో ఆ వాక్యం తను రాసిందే. అక్షరం మార్చకుండా గుర్తుంది. 'మార్కాపురం గాలిలో దుమ్ము ఏటేటా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు పన్నెండేళ్ళ కిందటితో పోలిస్తే సగమైంది.' కింద తన సంతకం.

పంతొమ్మిదేళ్ళ కాగితాల లెక్క అది. వారానికి రెండు రోజులు మిషన్ ఆడుతుంది. ఎనిమిది గంటలకు ఒక కాగితం మారుతుంది. ఆ కాగితాల తూకాలన్నీ ఏడాదికి ఒక చుక్కగా పెట్టి గీత గీస్తే, గీత చక్కగా కిందికి వాలింది. అందరి దగ్గరా దానికి కారణం కూడా సిద్ధంగా ఉంది. పిల్లలు పలకలు మానేశారు, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, దుమ్ము తగ్గింది. తనూ సంతోషంగా నమ్మింది. ఏ బిడ్డకైనా సొంత ఊరు బాగుపడిందంటే నమ్మాలనే ఉంటుంది.

సంతకం పెట్టాక, ఎందుకో మనసు ఊరుకోక, మళ్ళీ లెక్క తీసింది. ఎండాకాలపు దుమ్మును ఎండాకాలంతో, వానాకాలాన్ని వానాకాలంతో విడివిడిగా పోల్చి నెలనెలా పరిచింది. అప్పుడు వాలు మాయమైంది. మెట్టు కనబడింది. అంతకు ముందు ఏడేళ్ళు ఒకే ఎత్తు. ఆ తరువాత పన్నెండేళ్ళు ఒకే పల్లం. మధ్యలో ఒక్క నెల. 2012 మార్చి.

ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి గదా, దుమ్ము ఒక్క నెలలో ఎట్లా పడిపోతుంది?

ఆ నెల ఏ నెలో భారతికి తెలుసు. పలకల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు అంచులు రుద్దిన అమ్మను, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము ఉంది, ఇంక ఇంటికి తీసుకుపోండి అని గుంటూరు డాక్టర్లు పంపేసిన నెల అది. అప్పుడు తను హాస్టల్లో ఉంది. పరీక్షలని రాలేదు. సెప్టెంబరులో వచ్చింది, సమాధి దగ్గరికి.

"తేలిందా?"

తమ్ముడు శ్యాంసన్ ముఖం కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ముప్పయ్యొక్కేళ్ళ మనిషి. రాయి కోసే కటింగ్ షెడ్డులో రంపం దగ్గర పని. వెంట్రుకల మొదట్లో, చెవుల వెనక బూడిద రంగు ఎప్పటికీ పోదు.

"తేలింది. చీరలు లేని తొమ్మిది రోజులూ దుమ్ము రెండింతలు."

"అయితే?"

"అయితే ఏందిరా? ఊరి గాలి బాగుపడలేదు. మిషన్‌కే గాలి తగలలేదు. పదకొండుకు కొత్త షెడ్డు పర్మిషన్ మీద విచారణ. నేను పోయి నా లెక్క తప్పని చెప్పాల."

శ్యాంసన్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"పన్నెండేళ్ళు సరిగ్గా ఉన్న లెక్క ఈ పొద్దే తప్పయిందా?"

"ఎప్పటి నుంచో తప్పే. ఈ పొద్దు నాకు తెలిసింది."

"తెలిసింది గదా, నీ కాడ పెట్టుకో. ఆ కొత్త షెడ్డు పెడతాండేది మా ఓనరు గోవిందయ్య. నన్ను దానికి మేస్త్రీని చేస్తానన్నాడు. పదేళ్ళు రంపం పట్టినాక ఒక మనిషి కుర్చీలో కూచోబోతన్నాడు, అది నీకు కళ్ళల్లో పడిందా?"

"ఆ కొత్త షెడ్డు నీళ్ళు పెట్టకుండా రాయి కోస్తదంట. పాత షెడ్లు గూడ ఇంక నీళ్ళు మానుకుంటాయంట. ఎందుకంటే దుమ్ము సగమైంది గదా! ఎవురు రాసినారు సగమైందని? నేను రాసినా. ఆ కాగితం పెట్టుకొనే ఆయన అడగబోతన్నాడు. రేపు ఆ దుమ్ము ఎవురు పీలుస్తారు? గోవిందయ్య పీలుస్తాడా?"

"పీల్చేది నేను. నాకు లేని నొప్పి నీకేంది?"

అని గొంతు సవరించుకున్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"అమ్మ గూడ ఇదే మాట అనేది," అంది భారతి.

"అమ్మను తీసుకరావద్దు!" శ్యాంసన్ గొంతు పెరిగింది. "అమ్మ మంచాన పడినప్పుడు నువ్వు యాడ ఉంటివి? ముక్కు తుడిచింది నేను. బెడ్డు పాన్ ఎత్తింది నేను. ఇప్పుడు వచ్చి లెక్కలు చెప్తన్నావు."

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. భారతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొయ్యి దగ్గర రూతమ్మ గరిటె కదపడం మానేసింది.

"ఇంకొకటి చెప్తా విను," కొంచెం తగ్గి అన్నాడు శ్యాంసన్. "ఒక్క వారం కాగితాలు చూపిస్తే పన్నెండేళ్ళ లెక్క కొట్టేస్తారా? కొట్టెయ్యరు. మిషన్ ఆడించే మనిషి రాసివ్వాల. నేనే అడ్డం పెట్టినా అని నాయన సంతకం చెయ్యాల. ఆ గోడ మీద ఏముందో చూడు."

చూడక్కర్లేదు, భారతికి తెలుసు. అద్దం కట్టించిన సర్టిఫికెట్. 'ఒక్క రీడింగు కూడా తప్పకుండా' అని అందులో ఒక ముక్క. నాయన రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు శాలువా కప్పి ఇచ్చింది. మిషన్ ఈ మేడ మీదే ఉంది కాబట్టి ఆ తరువాత కూడా ఆయన్నే చూసుకోమన్నారు. ఆ సర్టిఫికెట్‌ను ఆయన రోజూ తుడుస్తాడు.

"అరవై ఆరేళ్ళ మనిషిని ఊరందరి ముందర దొంగను చేస్తావా అక్కా?"

భారతి లేచింది. టైము ఎనిమిదింపావు. మేడ ఎక్కింది.

నాయన కదల్లేదు. మిషన్ పక్కన కొలత పుస్తకం ఉంది. ఆమె దాన్ని తీసుకుని ఆయన పక్కనే పిట్టగోడ మీద కూర్చుంది. అడిగితే పలకడని తెలుసు. పని సంగతి అడిగితే పలుకుతాడని కూడా తెలుసు.

"నాయనా, పాత పుస్తకాలన్నీ చదివినా. ఈ చివరి గడిలో ఏం రాస్తావు రోజూ?"

"ఆ పూట గాలి ఎట్లుండాది, మబ్బుండాదా, వానొచ్చిందా, అది."

"2012 మార్చి పదకొండున ఏం రాసినావో గుర్తుందా?"

జ్ఞానయ్య వేలితో పిట్టగోడ మీది దుమ్ము తుడిచాడు. పుస్తకంలో ఉన్నది భారతికి కంఠతా వచ్చు. 'మబ్బు లేదు. పడమటి గాలి. సామ్రాజ్యం పైకి వచ్చింది.' సామ్రాజ్యం అమ్మ పేరు.

"ఆ రూములో ఆమెకు గాలి ఆడలేదు తల్లీ," అన్నాడు. "చేపను గట్టున వేసినట్టు కొట్టుకుండేది. పైకి మోసుకొచ్చి, ఇదో, ఈడ మంచమేసినా. పైన గాలుండాది గానీ షెడ్ల దుమ్ముండాది. ఏం చెయ్యాల? ఆమె చీరే తడిపి అడ్డం కట్టినా. దుమ్ము తడికి అంటుకునింది. గాలి చల్లగా లోపలికొచ్చింది. అప్పుడు మూడు గుక్కలు పీల్చింది. సాఫీగా. దగ్గకుండా. మూడు."

వేళ్ళు చూపించాడు.

"ఆ మూడు గుక్కలు నేను విన్నా."

"మంచం పక్కన మిషన్ ఉండె గదా నాయనా."

"ఉండె. బట్టలు ఆరేసిన సంగతి కొలత పుస్తకంలో ఎవురన్నా రాస్తారా? నేను రాయలేదు."

"ఆఫీసువాళ్ళు వచ్చి చూడలేదా?"

"వచ్చేది మధ్యాన్నం. ఫోన్ చేసి వచ్చేవాళ్ళు. ఎండిన చీరలు మడిచి లోపల పెట్టేవాణ్ణి. ఇల్లన్నాక బట్టలుండవా?"

ఉంటాయి. అదే గదా! సెలవులకు వచ్చినప్పుడల్లా భారతి కూడా ఈ చీరలు చూసింది. అమ్మ మీద మమకారంతో ఉతికి ఆరేసుకుంటున్నాడు, పోనీలే, అనుకుంది. దండెం మీద చీరలో వింత ఏముంది? ఇన్నేళ్ళూ కళ్ళ ముందు వేలాడుతున్న దానికోసం ఊరంతా, ఫ్యాక్టరీలన్నీ, వానల లెక్కలన్నీ వెతికింది.

"అమ్మ పోయినాక తీసెయ్యాల గదా నాయనా?"

"తీసినా. ఒక దినం." జ్ఞానయ్య మిషన్ వైపు తల తిప్పాడు. "అది ఎట్ల పీలుస్తాదో విను."

మిషన్ గాలి పీలుస్తోంది. ఆగకుండా, సన్నగా, లోపలెక్కడో ఏదో అడ్డుపడినట్టు చిన్న గురగురతో. ఇన్ని రోజులూ భారతికి అది మోటారు శబ్దం. ఇప్పుడు చెవి పెట్టి వింది. అవును, ఆ గురగుర ఆమెకు తెలుసు. హాస్టలుకు ఫోన్ చేసినప్పుడు అమ్మ మాటకూ మాటకూ మధ్య వినబడిందే అది.

"చీరలు తీసిన దినం మిషన్ ఆడ్తాంటే ఈడ కూచోలేకపోయినా. ఆమెను దుమ్ములో పండబెట్టినట్టు అయిపోయినాది. మర్నాడు కట్టినా. ఆఫీసువాళ్ళు వస్తే తప్ప మళ్ళా తియ్యలేదు."

"కాగితాలు తెల్లగా వస్తన్నాయని నీకు తెలియలేదా?"

"ఎందుకు తెలియదు? కాగితం మార్చేది నేనే గదా. తెల్లగా వచ్చేది." జ్ఞానయ్య ముఖం మీద, ఎంత ఘోరం, చిన్న సంతోషం కనిపించింది. "సంతోషపడేవాణ్ణి తల్లీ. ఈ పూట ఆమె లోపలికి దుమ్ము పోలేదు అనుకొనేవాణ్ణి."

భారతి ముఖం చేతుల్లో పెట్టుకుంది. తను గీసిన గీత, తను చూపించిన పల్లం, తను సభల్లో చెప్పిన మాట, అన్నీ అదే. పన్నెండేళ్ళు ఒక మనిషి చచ్చిపోయిన భార్యకు ఊపిరి ఆడించుకుంటూ కూర్చున్న లెక్క.

ఆమె పెన్ను, తెల్ల కాగితం తెచ్చి ఆయన మోకాళ్ళ మీద పెట్టింది.

"రాసివ్వు నాయనా. ఏం జరిగిందో నాకు చెప్పినట్టే రాయి. నేను తోడొస్తా."

ఆయన ఆ కాగితం వంక చూశాడు. దాన్ని మడవలేదు, తోసెయ్యలేదు.

"తప్పని రాస్తే," అన్నాడు, "ఇంక కట్టగూడదు గదా?"

భారతి దగ్గర చెప్పడానికి ఉన్న మాట ఒక్కటే. అది అనకుండా పెన్ను ఆయన చేతిలో పెట్టింది.

తొమ్మిదిన్నర దాటింది. పడమటి వైపు షెడ్లలో రంపాలు మొదలయ్యాయి. నీళ్ళ పైపులు పేరుకే ఉన్నాయి. సన్నటి బూడిద రంగు మబ్బు షెడ్డు రేకుల మీద నుంచి లేచి, గాలి ఎటు తోలితే అటు రావడం మొదలుపెట్టింది.

శ్యాంసన్ బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ మేడ మీదికి వచ్చాడు. కాగితం చూశాడు.

"రాయొద్దు నాయనా."

"నువ్వు ఊరుకో," అంది భారతి.

"నేను ఊరుకోను. నాయనా, నా ముఖం చూడు. నీ కాలికి మొక్కుతా. ఆ చీరలు ఇంక ఎవురూ ముట్టరు, నేను చూసుకుంటా. రూతమ్మకు నేను చెప్పుకుంటా. నువ్వు కట్టుకో, ఎన్నాళ్ళన్నా కట్టుకో. కాగితం మాత్రం రాయొద్దు."

ఆ మాటకు జ్ఞానయ్య కళ్ళు మెరిశాయి. భారతి చూసింది. కొడుకు ఇస్తానన్నది ఏమిటో, కూతురు అడిగేది ఏమిటో ఆ ముసలాయనకు బాగా అర్థమైంది. పెన్ను చేతిలోంచి జారి గచ్చు మీద పడింది.

"అంతే నాయనా," అంటూ శ్యాంసన్ పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. మెట్లకేసి తిరిగి, చీరలు దాటి అవతల, షెడ్ల వైపు నిలబడ్డాడు. గాలి ఒక్కసారి తోసింది. తెల్లచీర ఉబ్బింది. దాని ముఖమంతా బూడిద పొడ తేలింది.

శ్యాంసన్ దగ్గాడు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆగలేదు. వంగాడు. ఆగలేదు. పొడి దగ్గు, లోపల రాయి మీద రాయి రుద్దినట్టు. చివర్న గాలి లోపలికి లాక్కునేటప్పుడు సన్నటి గురగుర.

జ్ఞానయ్య లేచి నిలబడ్డాడు. తెల్లవారినప్పటి నుంచి కూర్చున్న మనిషి ఎవరి సాయం లేకుండా, పిట్టగోడ పట్టుకోకుండా లేచాడు. తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. మిషన్ వైపు చూశాడు. కొడుకు వైపు చూశాడు. మళ్ళీ మిషన్ వైపు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంది?"

"దగ్గు. ఎన్నాళ్ళ నుంచి?"

"దుమ్ము తగిలింది నాయనా. ఏం కాదు. నీళ్ళు తాగితే పోతాది."

మేడ మీద ముగ్గురూ నిలబడిపోయారు. అక్షరం తేడా లేకుండా అది అమ్మ మాట. ఏళ్ళ తరబడి ఈ ఇంట్లో ఆమె అన్న మాట. ఆ మాట శ్యాంసన్‌కు కూడా వినబడినట్టుంది. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. జేబులో పెన్ను తీసి ఎవరి ముఖం చూడకుండా మిషన్ మీద పెట్టి, గబగబా మెట్లు దిగిపోయాడు. కింద అతని గది తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది.

జ్ఞానయ్య పెన్ను తీసుకున్నాడు. తెల్ల కాగితం జోలికి పోలేదు. కొలత పుస్తకం తెరిచి, ఈ రోజు వరుసలో, ఇన్నేళ్ళూ గాలీ వానా రాసిన ఆ చివరి గడిలోనే నింపాదిగా రాశాడు. గడి చాలలేదు. కింది గడిలోకి వచ్చాడు. ఇంకా కిందికి వచ్చాడు. సంతకం పెట్టి పుస్తకం కూతురి చేతిలో పెట్టాడు.

'మబ్బు లేదు. పడమటి గాలి. 2012 మార్చి నుంచి ఈ మిషన్‌కు షెడ్ల గాలి తగలలేదు. తగలనియ్యలేదు. ఆ కాగితాలు తెల్లగా ఉండటం నా వల్ల, ఊరి వల్ల కాదు. ఇన్నేళ్ళూ ఆమెకు కట్టినాను. అవతల పిల్లోడు నిలబడినాడు, చూసుకోలేదు.'

భారతి చివరి మాట దగ్గర ఆగిపోయింది. తల ఎత్తేసరికి ఆయన దండెం మీద చీరలు లాగేస్తున్నాడు. కాఫీపొడి రంగుది, ఆకుపచ్చది, నీలంది. పన్నెండేళ్ళ తరువాత ఆ మేడ మీద, ఆయన చేత్తో, మిషన్‌కు అడ్డం లేకుండా పోయింది. తెల్లచీరను మాత్రం తొట్టిలో ముంచి, పిండకుండా, నీళ్ళు కారుతుండగానే భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

నడవంతా తడి చేసుకుంటూ పోయి కొడుకు గది తలుపు తోశాడు. గుమ్మానికి అటో మేకు, ఇటో మేకు. చీర రెండు చెరగులూ లాగి కట్టాడు. రూతమ్మ గోడకు అతుక్కుపోయింది. అత్తమ్మ చీర, నీళ్ళు కారుతూ, తన గది గుమ్మానికి.

చీర కింద నుంచి శ్యాంసన్ పాదాలు మాత్రం కనబడుతున్నాయి. మంచం మీద కూర్చున్నట్టున్నాడు.

"శ్యాంసన్," భారతి పిలిచింది. "పదీ నలభై అయింది. నన్ను దింపుతావా, లేదా?"

లోపల నుంచి దగ్గు.

నాయన చెంబుతో నీళ్ళు తెచ్చి ఎండుతున్న చెరగు మీద చల్లాడు. చల్లి, చీరకు చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఆ ఇంట్లో ఎవరూ పన్నెండేళ్ళుగా వినని గొంతుతో, మెత్తగా అన్నాడు.

"ఇంక కొంచెం సేపే. ఓర్చుకో సామ్రాజ్యం."

రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చీర అవతల పాదాలు రెండూ ఒక్కసారి దగ్గరికి ముడుచుకున్నాయి. తరువాత మంచం కిర్రుమంది. ఏదో లాగిన చప్పుడు, మంచం కింద నుంచి కాబోలు.

తడి చెరగు కింద నుంచి ముందు బండి తాళంచెవి గచ్చు మీదికి జారి వచ్చింది. దాని వెనక ఒక పెద్ద గోధుమరంగు కవరు. భారతి వంగి తీసింది. పైన ఒంగోలులోని ఎక్స్‌రే సెంటరు ముద్ర, శ్యాంసన్ పేరు, తారీఖు. నాలుగు నెలల కిందటిది. కవరుకు కొట్టిన పిన్నులు రెండూ కొట్టినట్టే ఉన్నాయి.

"బండికి పార్టు తేవాలని ఒంగోలు పోయినాడు ఆ దినం," అంది రూతమ్మ. "నాకు అట్లనే చెప్పినాడు. ఏంది వదినా అది?"

"నాకు విప్పబుద్ధి కాలేదక్కా," చీర అవతల నుంచి శ్యాంసన్ అన్నాడు. "తీసుకపో. ఆడనే, అందరి ముందర విప్పు."

భారతి ఒక చేత్తో కొలత పుస్తకం, ఒక చేత్తో కవరు పట్టుకుని నిలబడింది. ఆమె వెనక నాయన మళ్ళీ చెంబు ముంచుతున్నాడు.